విదేశాలకు అమ్మిన సరుకుపై సుంకం: కట్టేది ఎవరు, చెప్పాల్సింది ఎవరు

మంగళగిరి నుంచి చేనేత చీరలు, కొండపల్లి బొమ్మలు విదేశాల్లోని తెలుగువారికి అమ్ముతున్నామని రాశారు. లండన్‌లో ఒకావిడ రెండు చీరలు కొని, తీరా పార్సిల్ చేరాక పన్ను కట్టమనేసరికి వద్దని తిప్పి పంపేశారు. న్యూజెర్సీలో ఇంకొకరు ‘గిఫ్ట్ అని రాసి 20 డాలర్లు వేయండి, అందరూ అలాగే పంపుతున్నారు’ అంటున్నారు. ఈ పన్ను ఎవరు కట్టాలి, ఎంతవుతుందో ముందే ఎలా తెలుస్తుంది, ఆవకాయ కూడా అమ్మవచ్చా అన్నవి మీ ప్రశ్నలు. హస్తకళల ఎగుమతి పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

దిగుమతి పన్ను మామూలుగా కొన్నవారిదే. సరుకు వాళ్ల దేశంలోకి వాళ్ల పేరిట వెళ్తోంది, దిగుమతిదారు వాళ్లే. కానీ ఆ సంగతిని డబ్బు తీసుకునే ముందే చెప్పాల్సింది అమ్మేవారు. చెప్పకుండా పంపితే కొన్నవారికి అది మోసంలాగే కనిపిస్తుంది. ‘నేను చీరకు డబ్బు కట్టేశాను, మళ్లీ ఇదేమిటి’ అని తలుపు దగ్గరే వెనక్కి పంపేస్తారు. అప్పుడు పోను ఛార్జీ, రాను ఛార్జీ, చీర డబ్బు అన్నీ మీ నెత్తినే పడతాయి. చట్టం పన్నును ఎవరి మీద వేసినా, దాని గురించి చెప్పకపోవడం వల్ల వచ్చే నష్టం మాత్రం అమ్మినవారిదే. ఈ వ్యాపారంలో నేను చూసిన గొడవల్లో చాలావాటికి మూలం పన్ను ఎక్కువ కావడం కాదు, అది ఉందని తెలియకపోవడం.

లండన్ పార్సిల్‌లో ఏం జరిగి ఉంటుందో చూద్దాం. బ్రిటన్‌లో 2021 జనవరి 1 నుంచి 135 పౌండ్ల దగ్గర ఒక గీత ఉంది. సరుకు విలువ 135 పౌండ్ల లోపు అయితే దిగుమతి సుంకం లేదు, 20 శాతం వ్యాట్ మాత్రం అమ్మకం సమయంలోనే వసూలు కావాలి. పెద్ద ఆన్‌లైన్ సంతల (మార్కెట్‌ప్లేస్‌ల) ద్వారా అమ్మితే ఆ పని ఆ సంతే చేసి, ప్రభుత్వానికి కట్టేస్తుంది. మీ సొంత వెబ్‌సైటు నుంచో, వాట్సాప్ ఆర్డరు మీదో నేరుగా అమ్మితే మాత్రం ఆ వ్యాట్ కోసం అక్కడ నమోదు కావాల్సింది మీరే. ఇది చాలామందికి తెలియదు. విలువ 135 దాటితే లెక్క మారుతుంది. అప్పుడు సుంకం, వ్యాట్ రెండూ సరిహద్దు దగ్గర పడతాయి, పార్సిల్ అందుకునేవారు కడతారు.

మీ రెండు చీరలు ఒక్కొక్కటి 80 పౌండ్లు, పోస్టేజీ 20 పౌండ్లు అనుకుందాం. సరుకు విలువ 160, అంటే గీత దాటింది. చీరపై సుంకం 12 శాతం అనుకుంటే, దాన్ని చీరల ధరకు పోస్టేజీ కూడా కలిపి 180 మీద వేస్తారు: 21.60. వ్యాట్ ఆ సుంకాన్ని కూడా కలిపి 201.60 మీద పడుతుంది: 40.32. మొత్తం 61.92 పౌండ్లు. దీనికి తోడు వసూలు చేసి ఇచ్చినందుకు అక్కడి పోస్టు సంస్థ తన రుసుము తీసుకుంటుంది. 160 పౌండ్ల చీరలకు అదనంగా 60కి పైగా కట్టమంటే ఎవరైనా ఉలిక్కిపడతారు. అదే ఆవిడ ఈ నెల ఒక చీర, పండక్కి ఇంకో చీర కొని ఉంటే ఒక్కో దానిపై వ్యాట్ తప్ప ఇంకేమీ ఉండేది కాదు. ‘అయితే ఒకే ఆర్డరును రెండు పార్సిళ్లుగా విడగొట్టి పంపేద్దాం’ అనే ఆలోచన మీకు ఇప్పటికే వచ్చి ఉంటుంది. ఒకే ఆర్డరు, ఒకే చిరునామా, ఒకే రోజు పంపిన రెండు కట్టలను కస్టమ్స్ వారు ఒకటిగా లెక్కగట్టగలరు. ఆ తెలివితేటలు వాళ్లకు కొత్త కాదు.

తిరిగి వస్తున్న ఆ పార్సిల్ విషయంలో ఒక జాగ్రత్త. మన దేశంలోకి వస్తే అది కూడా దిగుమతే. మన దగ్గర నుంచి ఎగుమతై, అమ్ముడుపోక మూడేళ్ల లోపు తిరిగి వచ్చిన సరుకుకు సుంకం మినహాయింపు ఉంది. కానీ ఇది ఆ సరుకే అని చూపడానికి ఎగుమతి కాగితం ఉండాలి. ఎగుమతి చేసినప్పుడు జీఎస్టీ వాపసు వంటి లాభాలేవైనా తీసుకుని ఉంటే వాటిని వెనక్కి కట్టాల్సి ఉంటుంది. మామూలు ఉత్తరం పంపినట్టు కౌంటరులో ఇచ్చేసిన పార్సిల్‌కు ఆ కాగితం ఉండదు. అందుకే చిన్న ఆర్డరే కదా అని కాగితాలు లేకుండా పంపడం నాకు నచ్చదు.

‘గిఫ్ట్’ మాటకు వద్దాం. పార్సిల్‌లో ఏముందో కస్టమ్స్‌కు చెప్పే సీఎన్ 22, సీఎన్ 23 ఫారాల్లో కానుక, పత్రాలు, అమ్మిన సరుకు, నమూనా, తిరిగి పంపిన సరుకు అని గళ్లు ఉంటాయి. డబ్బు తీసుకున్నాక కానుక అనే గడిలో టిక్కు పెట్టడం అబద్ధం, అంతే. కొన్నావిడ దాన్ని అక్కడ తన చెల్లెలికి కానుకగా ఇస్తానన్నా మీ వైపు నుంచి అది అమ్మకమే. పైగా కానుకలకు కూడా పరిమితులున్నాయి. బ్రిటన్‌లో 39 పౌండ్లు, యూరప్ యూనియన్‌లో 45 యూరోలు, అమెరికాలో 100 డాలర్లు. అది కూడా ఒక వ్యక్తి ఇంకో వ్యక్తికి పంపినప్పుడే. పంపినవారి పేరు దగ్గర ‘ఫలానా హ్యాండ్‌లూమ్స్’ అని ముద్ర, లోపల ధర చీటీ, పైన కానుక అని టిక్కు. దాన్ని నమ్మే కస్టమ్స్ అధికారి ఏ దేశంలోనూ లేడు.

80 డాలర్ల చీరను 20 అని రాయడం ఇంకా ప్రమాదం, అదీ మీకే. పార్సిల్ దారిలో పోతే పరిహారం మీరు ప్రకటించిన 20 దగ్గరే ఆగిపోతుంది. మీ బ్యాంకులోకి 80 డాలర్లు వచ్చాయి, ఎగుమతి కాగితం మీద 20 ఉంది. ఈ తేడాకు మీరు తర్వాత ఎక్కడో ఒకచోట సమాధానం చెప్పాలి. మన కస్టమ్స్ చట్టం, 1962లో 114ఏఏ అనే సెక్షన్ ఉంది. తెలిసి తప్పుడు వివరం ఇస్తే సరుకు విలువకు ఐదు రెట్ల దాకా జరిమానా వేయవచ్చు. న్యూజెర్సీ ఆవిడకు వీటిలో ఒక్కటీ తగలదు. సంతకం మీది. ‘అందరూ అలాగే పంపుతున్నారు’ అనేవారు పట్టుబడినప్పుడు పక్కన ఉండరు.

ఆవిడ అలా అడగడానికి కారణం మాత్రం నాకు అర్థమవుతుంది. 2016 నుంచి అమెరికాలో ఒకరి పేరిట రోజుకు 800 డాలర్ల లోపు సరుకు సుంకం లేకుండా దిగేది. మన చిన్న అమ్మకందారుల వ్యాపారంలో చాలా భాగం ఆ 800 నీడలోనే పెరిగింది. 2025 ఆగస్టు 29న ఆ మినహాయింపు అన్ని దేశాలకూ పోయింది. సుంకాన్ని ఎవరు వసూలు చేయాలో, ఎలా జమ కట్టాలో తేలక విమాన సంస్థలు పోస్టు సంచులు ఎక్కించుకోలేమన్నాయి. ఇండియా పోస్టు ఆగస్టు 25 నుంచి అమెరికాకు పార్సిళ్ల బుకింగ్ నిలిపివేసింది. దసరా, దీపావళి ఆర్డర్లు చేతిలో పెట్టుకుని ఎంతమంది ఇబ్బంది పడ్డారో మీకూ గుర్తుండే ఉంటుంది. అక్టోబరు 15న సేవ మళ్లీ మొదలైంది, కానీ పద్ధతి తలకిందులైంది. సుంకం అక్కడ కాదు, ఇక్కడే, బుకింగ్ సమయంలోనే కట్టాలి. ఆ రోజున చెప్పిన రేటు ప్రకటించిన విలువలో 50 శాతం. అంటే అప్పట్లో 80 డాలర్ల చీరకు 40 డాలర్ల సుంకం కౌంటరులోనే కట్టేశాకే చీర బయల్దేరేది. అమెరికా సుంకాల శాతం నిలకడగా ఉండే సంగతి కాదు కాబట్టి, ధర చెప్పే రోజున పోస్టాఫీసులో అడిగి ఆ రోజు రేటుతోనే లెక్క వేయండి. ఆర్నెల్ల కిందటి రేటు గుర్తుపెట్టుకుని ధర చెప్పొద్దు.

కొరియర్‌లో పంపితే లెక్క వేరు. చీర ఏ వర్గంలోకి వస్తుందో చూసి దానికుండే మామూలు సుంకం, ఆపై అదనపు సుంకం, ఆపై కొరియర్ వారి బ్రోకర్ రుసుము. కొన్నిసార్లు పార్సిల్ ఇచ్చేసి, కొన్ని వారాల తర్వాత బిల్లు పంపుతారు. చీర కట్టుకుని పెళ్లికి వెళ్లొచ్చిన తర్వాత వచ్చే ఆ బిల్లు చూసి కొన్నావిడ మీకు ఫోను చేస్తారు. కాబట్టి కొరియర్ బుక్ చేసేటప్పుడే సుంకం ఎవరి ఖాతాలో పడాలో అడిగి రాయించండి. సుంకం పంపేవారే కట్టే పద్ధతిని డీడీపీ అంటారు, అందుకునేవారు కట్టే పద్ధతిని డీఏపీ అంటారు. ఫారంలో ఈ రెండింటిలో ఒకటి ఉంటుంది. ఖాళీగా వదిలేస్తే సాధారణంగా రెండోదే అవుతుంది.

అమెరికా గురించి ఇంకో చిన్న కిటుకు, ఇది పూర్తిగా న్యాయమైనదే. అమెరికా కస్టమ్స్ సరుకు విలువ లెక్కలో అంతర్జాతీయ రవాణా ఖర్చును కలపదు. బ్రిటన్, యూరప్ కలుపుతాయి. కాబట్టి అమెరికా ఇన్వాయిసులో చీర ధర విడిగా, పోస్టేజీ విడిగా చూపండి. ‘షిప్పింగ్ ఉచితం’ అని గొప్పగా రాసి, ఆ ఖర్చును చీర ధరలో కలిపేస్తే మీ పోస్టేజీ మీద కూడా మీరే సుంకం కట్టుకున్నట్టు.

నా సలహా అడిగితే, అమెరికాకు ఎలాగూ ముందే కట్టాలి కాబట్టి సుంకంతో కలిపిన ధరే చెప్పండి. బ్రిటన్‌కు నమోదైన ఆన్‌లైన్ సంత ద్వారానే అమ్మండి, ఆర్డరు 135 దాటితే కొన్నావిడకు మీరే ఫోను చేసి చెప్పండి. మిగతా దేశాలకు డబ్బు తీసుకునే ముందు ఇలా ఒక సందేశం పంపి, ‘సరే’ అని జవాబు తెప్పించుకోండి: ‘ఈ ధరలో మీ దేశపు దిగుమతి సుంకం, పన్ను కలవలేదు. పార్సిల్ చేరినప్పుడు అక్కడి పోస్టు లేదా కొరియర్ సంస్థ వాటిని, తన రుసుమును మీ దగ్గర తీసుకుంటుంది. మీరు తీసుకోనందువల్ల పార్సిల్ తిరిగి వస్తే, పోను రాను ఛార్జీలు మినహాయించి మిగిలిన సొమ్ము మీకు వాపసు ఇస్తాం.’ మొదట్లో ఇది కరుకుగా అనిపిస్తుంది. కార్డు కంపెనీ దగ్గర ఫిర్యాదు పడ్డప్పుడు మిమ్మల్ని కాపాడేది ఆ ఒక్క ‘సరే’నే.

యూరప్ యూనియన్‌లో 2021 జూలై 1 నుంచి ఎంత చిన్న పార్సిల్‌కైనా వ్యాట్ ఉంది. 150 యూరోల లోపు సరుకుకు అమ్మకం సమయంలోనే వ్యాట్ కట్టే ఐఓఎస్‌ఎస్ అనే ఏర్పాటు ఉంది, ఆన్‌లైన్ సంతలు దాన్ని వాడతాయి. 2026 జూలై 1 నుంచి చిన్న పార్సిళ్లలోని వస్తువులపై 3 యూరోల చొప్పున సుంకం కూడా వేయాలని అక్కడి దేశాలు నిర్ణయించాయి. అంతకంటే పెద్ద చిక్కు, 2024 డిసెంబరు 13 నుంచి అమల్లోకి వచ్చిన వస్తు భద్రతా నిబంధన. యూరప్‌లో మీ సరుకుకు జవాబుదారీగా ఉండే ఒక వ్యక్తో సంస్థో ఉండాలి. మీ అంత చిన్న వ్యాపారానికి ప్రస్తుతం యూరప్ జోలికి వెళ్లవద్దనే చెబుతాను.

కెనడాకు పోస్టులో వెళ్లే సరుకుకు 20 కెనడా డాలర్లు దాటితే పన్ను, సుంకం వర్తిస్తాయి. చీరంటే దాటినట్టే. ఆస్ట్రేలియా, సింగపూర్ మీకు అనువైనవి. ఆస్ట్రేలియాలో 1,000 ఆస్ట్రేలియా డాలర్ల లోపు సరుకుపై 10 శాతం జీఎస్టీ వసూలు చేయాల్సిన బాధ్యత అక్కడ ఏడాదికి 75,000 డాలర్లకు పైగా అమ్మేవారిదీ, ఆన్‌లైన్ సంతలదీ. అంతకు తక్కువగా నేరుగా అమ్మే చిన్నవారి పార్సిల్ సాధారణంగా ఏ పన్నూ లేకుండా చేరుతుంది. సింగపూర్‌లో 400 సింగపూర్ డాలర్ల లోపు సరుకుకు దాదాపు ఇదే పద్ధతి.

ఆస్ట్రేలియాతో ఇబ్బంది పన్ను కాదు, పురుగు. కొండపల్లి బొమ్మ తెల్ల పొణికి కర్రతో చేసింది. కర్ర వస్తువును అక్కడి జీవభద్రతా అధికారులు విప్పి చూస్తారు. బెరడు మిగిలి ఉన్నా, చిన్న రంధ్రం దగ్గర కాస్త కర్ర పొడి రాలినా ధూమచికిత్స (పురుగు చచ్చేలా మందు పొగ పెట్టడం) చేయించాలంటారు, లేదంటే నాశనం చేస్తారు, ఆ ఖర్చు కొన్నవారిది. బొమ్మల చుట్టూ ఎండుగడ్డి పెట్టి కట్టడం మనవాళ్లకు అలవాటు. గడ్డి ఆస్ట్రేలియాకు నిషిద్ధం. కాగితం ముక్కలు పెట్టండి. ఇక ఎర్రచందనం బొమ్మలు పంపుతారా అని ఎవరైనా అడిగితే ఆలోచించకుండా లేదనండి. నెమలి ఈకలు అంటించిన అలంకరణ వస్తువులూ అంతే, వాటి ఎగుమతికి మన దేశమే ఒప్పుకోదు.

బొమ్మల విషయంలో ఇంకో మాట. మీ పేజీలో ‘పిల్లలు ఆడుకునే బొమ్మలు’ అని ఉంది. అలా అమ్మితే అమెరికాలో పిల్లల వస్తువుల భద్రతా ధ్రువపత్రం, యూరప్‌లో అక్కడి భద్రతా ప్రమాణాలకు సరిపోతుందని చూపే సీఈ గుర్తు కావాలి. దశావతారాలు, అంబారీ ఏనుగు కొనేది షోకేసులో పెట్టుకోవడానికే కదా. అలంకరణ వస్తువుగానే అమ్మండి, పేజీలోనూ ఇన్వాయిసులోనూ ఒకటే మాట రాయండి. పేజీలో ఆటబొమ్మ, ఫారంలో అలంకరణ అని ఉంటే అధికారికి పని పెట్టినట్టే. వస్తువు ఏ వర్గానిదో కస్టమ్స్‌కు చెప్పే అంకెల గుర్తును హెచ్‌ఎస్ కోడ్ అంటారు. ఆటబొమ్మలకు అది 9503తో, కర్రతో చేసిన అలంకరణ వస్తువులకు 4420తో మొదలవుతుంది. ఈ కోడ్‌లో మొదటి ఆరు అంకెలు ప్రపంచమంతా ఒకటే, ఆ తర్వాతి అంకెలు ఏ దేశానికి ఆ దేశం చేర్చుకుంటుంది. సుంకం శాతం తేలేది దీని మీదే, కాబట్టి ఒక్కసారి కూర్చుని మీ సరుకు అంతటికీ కోడ్‌లు రాసి గోడకు అంటించుకోండి.

వస్తువు వివరం రాయడంలోనే సగం పార్సిళ్లు ఆగిపోతాయి. ‘బట్టలు’, ‘హ్యాండిక్రాఫ్ట్’, ‘శాంపిల్’ అని రాస్తే యూరప్ కంప్యూటర్ వ్యవస్థ పార్సిల్ విమానం ఎక్కకముందే అభ్యంతరం చెబుతుంది. ‘స్త్రీల చీర, చేనేత, నూరు శాతం నూలు, కుట్టనిది, 1, తయారీ భారత్’ అని ఆంగ్లంలో రాయండి. జరీలో లోహం ఉంటే అదీ రాయండి. పట్టు ఎంత, నూలు ఎంత అన్నది శాతాల్లో రాయండి. పట్టుకు, నూలుకు కోడ్ వేరు, సుంకం వేరు.

మన వైపు కాగితాలు త్వరగా చెప్పేస్తాను. కేంద్ర విదేశీ వాణిజ్య విభాగం డీజీఎఫ్‌టీ వెబ్‌సైటులో ఐఈసీ అనే ఎగుమతిదారు గుర్తింపు సంఖ్య తీసుకోండి, రుసుము 500 రూపాయలు. దాన్ని ప్రతి ఏడాది ఏప్రిల్ నుంచి జూన్ లోపు ఒకసారి సరిచూసి నమోదు చేయాలి, మార్పులేమీ లేకపోయినా సరే. జీఎస్టీ నమోదు ఉంటే ప్రతి ఆర్థిక సంవత్సరం ఎల్‌యూటీ అనే హామీ పత్రం దాఖలు చేయండి, అప్పుడు ఎగుమతిపై ఐజీఎస్టీ కట్టకుండా పంపవచ్చు. పోస్టులో పంపేటప్పుడు పోస్టు శాఖ వారి డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రం పోర్టల్‌లో పోస్టల్ బిల్ ఆఫ్ ఎక్స్‌పోర్టును, అంటే నేను పైన చెప్పిన ఎగుమతి కాగితాన్ని, ఇంటి నుంచే నింపవచ్చు. కొరియర్‌లో అయితే అమ్మిన సరుకుకు వాడే కస్టమ్స్ ఫారం సీఎస్‌బీ 5 కింద పంపమనండి. అడగకపోతే కొందరు ఏజెంట్లు సీఎస్‌బీ 4లో నమూనాగానో కానుకగానో వేసేస్తారు. వాళ్లకు పని తేలిక, మీకు ఎగుమతి రుజువు మిగలదు.

ఆవకాయ సంగతి. అమెరికాలో ఉన్న మీ అబ్బాయికి మీరు ఇంట్లో పెట్టిన ఆవకాయను మీరే కానుకగా పంపితే అక్కడి ఆహార శాఖకు ముందస్తు సమాచారం ఇవ్వనక్కర్లేదు. అమ్మితే మాత్రం ఆ మినహాయింపు లేదు. తయారీ కేంద్రాన్ని ఆ శాఖ దగ్గర నమోదు చేయాలి, ప్రతి పార్సిల్‌కు ముందస్తు నోటీసు ఇవ్వాలి. మన వైపు ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు కావాలి, ఊరగాయలు వ్యవసాయ, ఆహార ఎగుమతుల సంస్థ ఎపెడా జాబితాలో ఉన్నాయి కాబట్టి అక్కడా నమోదు కావాలి. నాలుగు సీసాల ఆర్డర్ల కోసం ఇంత పెట్టుకోవడం గిట్టదు. ఇవన్నీ ఉన్న ఒక తయారీదారు సరుకును మీ పేజీలో చూపించి, ఆర్డరును వాళ్ల చేతే పంపించండి. కోడి పచ్చడి, రొయ్యల పచ్చడి, నెయ్యి మాత్రం ఎవరు అడిగినా ఒప్పుకోవద్దు. మాంసం, పాల పదార్థాలున్న పార్సిళ్లను యూరప్, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో సరిహద్దు దగ్గరే తీసి పారేస్తారు. ఒకే డబ్బాలో చీర కూడా ఉంటే దాన్ని విడిపించుకోవడం మళ్లీ ఇంకో పని, కాబట్టి తినేవాటిని, కట్టుకునేవాటిని ఎప్పుడూ ఒకే పార్సిల్‌లో పెట్టకండి.